లెక్కకు రాని యాత్ర

మన దేశమున పుణ్యమునకు కొలత పాదము. ఎంత దూరము నడిచిన నంత ఫలమనియు, కొండ యెంత నిటారుగ నున్న దానిపై వెలసిన దేవు డంత ప్రసన్నుడనియు, ఎవ్వరును నేర్పకయే మనము నమ్మియున్నాము. అలిపిరి మొదలుకొని తిరుమల వఱకు గల 3,550 మెట్లను మోకాళ్లు పట్టుకొనుచు నెక్కినవాడు, బస్సులో పోయి అదే దినమున అదే స్వామిని సేవించి వచ్చినవానిని కొంచెము జాలితో చూచును. వాహన మెక్కి తీర్థమున కేగువానికి ఫలము తఱుగునని చెప్పు పురాణవచనములును వాని పక్షముననే యున్నవి. 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి మఱుసటి సంవత్సరము సెప్టెంబరులో మరలివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పల్లకితోను పరివారముతోను ఆ మహాయాత్ర సాగించినారు. ఆయన దినచర్య చదువునపు డెల్ల నాకు బోయీల పుణ్యము మాట జ్ఞప్తికి వచ్చును గాని, ఆ లెక్క వ్రాసిపెట్టినవారు కనబడరు. అంతకు చాల ముందు, పదునాలుగవ శతాబ్దమున, ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించి కీర్తి గడించెను. మెట్లు కట్టుటచే ఎక్కువారి శ్రమ తగ్గినది గదా, శ్రమతోపాటు వారి పుణ్యమును తగ్గినదా యని ఆ రాజు నెవ్వరు నడిగినట్లు లేదు. శ్రమకును పుణ్యమునకును గల యీ బాంధవ్యము నిజమైన రక్తసంబంధమా, లేక పెద్దలు కుదిర్చిన వియ్యమా యను సందేహము నాకు మొన్న మాఘమాసమున మండపేటలో కలిగినది.

మిత్రులు కొందఱు శివరాత్రికి ముందుగ వెంకటాపురము, నాగలూటి, పెద్దచెఱువు, భీముని కొలను మీదుగ నల్లమల యడవిలో నడచి మల్లికార్జునుని దర్శింప సంకల్పించి, నన్నును రమ్మనిరి. వత్తునని చెప్పియు, తుదకు పోనైతిని. మండపేటలోని యొక బాల్యమిత్రుడు ఏండ్లతరబడి పిలుచుచుండగా ఏదో యొక నెపమున వాయిదా వేయుచు వచ్చినవాడను, ఈ సారి అడవిదారి విడిచి ద్వారపూడి స్టేషనులో దిగితిని. "మల్లన్నను మాని తాపేశ్వరం కాజాలకు పోతున్నాడు" అని వారిలో నొకడు నా వీపు వెనుక నన్న మాట నాకు చేరక మానలేదు. మాట నిజమే గనుక కోపము రాలేదు, కాజాలు తింటిని.

మండపేటలో చేయవలసిన పని యేమియు లేదు. చూచితీరవలసిన శిఖరము లేదు, లోయ లేదు. గోదావరి తూర్పు డెల్టా యంతయు అరచేయివలె చదునైన నేల. 1847 మొదలు 1852 వఱకు కాటన్ దొర ధవళేశ్వరమున కట్టించిన ఆనకట్ట కాలువలలో నొకటి మండపేట పేరు పెట్టుకొని ఆ చదునులోనే, తొందర యెఱుగని నడకతో, తూర్పునకు పోవును. కాలువగట్టుపై కొబ్బరిచెట్లు, గట్టు దిగిన దాళ్వా చేలు, చేల కావల బియ్యపు మిల్లుల పొగగొట్టములు, ఉప్పుడు బియ్యము ఉడుకుచున్నపుడు ఊరిపై కమ్ముకొనెడి యొక వెచ్చని కమ్మని వాసన: ఇవియే యచ్చటి ప్రకృతిసౌందర్యము. కొండలకై వెదకువాని కీ సీమలో నిరాశయే యనుకొందురు గాని, ఈ నేలలో గుప్పెడు మన్నైనను కొండలది కానిది లేదు; త్ర్యంబకమునొద్ద బ్రహ్మగిరిపై పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించు నది దారిపొడవున నొరసికొని తెచ్చిన పర్వతధూళియే యిచ్చట యుగములుగ పేరుకొని వరిచేనైనది. మన మెక్కబోవని కొండలు తామే దిగివచ్చి కాళ్లక్రింద పఱచుకొన్న చోటది.

ప్రొద్దుట కాఫీ, పత్రిక, అరుగు. ఆ పిమ్మట పెసరట్టు, దానిలో ఉప్మా. తరువాత మరల అరుగు. మిత్రుడు వ్యవసాయము చూచుకొనుచు నొక మిల్లులో లెక్కలు వ్రాయువాడు. మధ్యాహ్నము వచ్చి, పనసపొట్టు కూరతో భోజనమై, మడతమంచము వాల్చి, మా హైస్కూలు మాస్టర్లను ఒక్కొక్కరినే పరలోకమునుండి పిలిచి విచారించుచుండును. సాయంకాలము గట్టువెంట నొక కొంత దూరము పోయి, ఎవరైన పలుకరించినచోట నిలిచి, నిలిచినచోటనుండియే వెనుకకు మరలుదుము. కోసుల లెక్కన పెద్ద దూరము కాని ద్రాక్షారామమునకు పోయి భీమేశ్వరుని చూతమని ప్రతిదినము ప్రొద్దుట నేననుటయు, "రేపు చూద్దాం లేరా, స్వామి ఎక్కడికి పోతాడు?" అని అతడనుటయు జరుగుచుండెను. పంచారామములలో నొకటి అంత చేరువలో నుండగా, రేపటికి వాయిదా వేయుచు మంచముపై దొర్లుట సామాన్యమైన ధైర్యము కాదు.

ఇక్కడ నాపై రాదగిన యభియోగము బలమైనది. నిద్రవలనను సోమరితనమువలనను ఏమఱుపాటువలనను కలుగు సుఖమును తామసమని గీత పదునెనిమిదవ యధ్యాయము స్పష్టముగ నిర్ణయించినది. అరుగుపై కూర్చుండుటకు వేదాంతము వెదకువానికి ఆ యధ్యాయము దాటుట సులభము కాదు. కాని గీతలోనే పదునేడవ యధ్యాయమొకటి యున్నది; శాస్త్రము విధింపని ఘోరతపస్సుచే శరీరములోని భూతసమూహమును, దానిలోనున్న తన్నును గూడ కృశింపజేయువారిని భగవానుడు అసురనిశ్చయులనుటకు వెనుదీయలేదు. ఆఱవ యధ్యాయము అతిగ తినువానికిని, బొత్తిగ తిననివానికిని, అతిగ నిద్రించువానికిని, మేల్కొనియే యుండువానికిని యోగము సిద్ధింపదనుచున్నది. మఱియు తపస్సును శారీరము, వాఙ్మయము, మానసము అని విభజించిన చోట, మానసతపస్సులో మొదట నెన్నబడినది మనఃప్రసాదము. మనస్సు తేటపడుట తపస్సే యైనచో, ఆ తేట కొందఱకు మెట్లపైనను, కొందఱకు మడతమంచముపైనను దొరకవచ్చును. శ్రమ పడినంతనే తేటపడునను నియమము గీతలో నాకు కనబడలేదు.

నడకను పొగడినవారిలో మొదటివాడు బహుశః ఇంద్రుడు. ఐతరేయ బ్రాహ్మణమున హరిశ్చంద్రుని కుమారుడైన రోహితుడు అడవులలో తిరుగుచుండగా, ఇల్లు చేరదలచిన ప్రతి పర్యాయమును ఇంద్రుడు బ్రాహ్మణవేషమున నెదురై, నడువుము, నడచువానికే మేలని ప్రబోధించి వెనుకకు పంపుచుండెను. ఆ మాటలను నేడు పాదయాత్రలకును పర్వతారోహణ సంఘములకును నినాదముగ వాడుచున్నారు. కథ మాత్ర మెవ్వరును చెప్పరు. రోహితుడు నడచుచున్నది పుణ్యమునకై కాదు. తండ్రి తన్ను వరుణునకు బలి యిచ్చెదనని మ్రొక్కుకొన్నందున ప్రాణభీతితో పాఱిపోవుచున్నాడు. ఆ నడక యంతయు నడచి, తుద కడవిలో ఆకలిచే మాడుచున్న అజీగర్తుని యొద్ద నూఱు గోవుల నిచ్చి, అతని నడిమి కొడుకైన శునఃశేపుని తనకు మారుగ కొని తెచ్చెను. బాలుడు దేవతలను స్తుతించి బ్రతికిపోయెను గాని, అది రోహితుని నడక మహిమ కాదు. ఎందుకు నడచుచున్నామని యడుగక నడకను పూజించుటలోని చిక్కు ఆ పురాతనకథలోనే యున్నది.

పాశ్చాత్యులలో కొండను కొండకై యెక్కినవాడని పేరొందిన పెట్రార్క్ కవి 1336 ఏప్రిలు 26వ తేదీన ఫ్రాన్సులోని వాంతూ పర్వతము నెక్కినాడు. శిఖరముపై నిలిచి వెంట తెచ్చుకొన్న సెయింట్ అగస్టీన్ ఆత్మకథ విప్పగా, మనుష్యులు పర్వతములను సముద్రములను చూచి యబ్బురపడుచు తమ్ము తాము మఱచిపోవుదురని చెప్పిన చోటే కంటబడినదట. సిగ్గుపడి, క్రిందికి చేరువఱకు నోరెత్త లేదట. ఆ సిగ్గు మెట్టపైననే కలుగవలెనా? పుస్తకము ఇంటనే విప్పిన సరిపోయెడిది గదా యని మిత్రుడు నవ్వెను. ఎక్కకపోయిన ఆ పుట అతని కంత లోతుగ గ్రుచ్చుకొనెడిది కాదేమో యని నేనంటిని. ఈ విషయమున మా కేకాభిప్రాయము కుదరలేదు. కుదరవలసిన యవసరమును కనబడలేదు.

శ్రీనాథుడు బెండపూడి అన్నయమంత్రి కంకిత మిచ్చిన భీమఖండము పుట్టినది ఈ గడ్డ కథతోనే. మేము పోలేకపోయిన ద్రాక్షారామమే దాని నాయిక యనవచ్చును. అందు వ్యాసుడు కాశిలో భిక్ష కేగగా నే యింటను పిడికెడన్నము పుట్టదు. సర్వశాస్త్రములును తెలిసిన మహర్షి, అష్టాదశపురాణకర్త, ఆకలిమంటలో కాశినే శపింప చేయెత్తును. అప్పుడొక యిల్లాలు వాకిట నిలిచి, అయ్యా, మొదట భోజనము చేయుమని పిలిచినది, ఆమె విశాలాక్షి. అన్నము పెట్టిన పిదపనే మందలింపును, శివుని యాజ్ఞచే కాశినుండి వెడలగొట్టుటయు, ఆ పిమ్మట దక్షారామమునకు ప్రయాణమును. ఆ కథ చదివినపు డెల్ల నన్ను పట్టుకొనునది శాపము కాదు, బహిష్కారమును కాదు; మహాక్షేత్రమున కాలు మోపియుండుట వ్యాసునంతటివానిని గూడ కోపమునుండి కాపాడలేదనునది. క్షేత్రము చేయలేని పని, ఒక్క పూటకైనను, ఒక విస్తరి చేసినది.

ఐనచో ఆతిథ్యమే తీర్థమని చెప్పి ముగింపవచ్చునా? తైత్తిరీయోపనిషత్తు అతిథిని దేవునిగ నెంచుమన్నది. గృహస్థుని పంచమహాయజ్ఞములలో అతిథిపూజ యొకటి. నేను మండపేటలో దేవుడనై మడతమంచముపై పవళించితినని చెప్పుకొనుట వినుటకు బాగుగనే యుండును. కాని ధర్మశాస్త్ర మంత తేలికగ లొంగదు. మనుస్మృతి మూడవ యధ్యాయమున అతిథి యనగా ఒక్క రాత్రి నిలుచువాడు. పైగా స్నేహితుడు, బంధువు, గురువు ఇంటికి వచ్చినను వారు అతిథులు కారని ఆ గ్రంథము తేల్చివైచినది. ప్రీతితో వచ్చిన మిత్రులకు శక్తికొలది మంచి భోజనము పెట్టుమన్నది గాని, దానిని యజ్ఞములో చేర్చలేదు. శ్రాద్ధమున స్నేహితులను కూర్చుండబెట్టి స్నేహము గట్టిపఱచుకొనువానికి పరలోకఫల ముండదని గూడ హెచ్చరించినది. మొదట చదివినపు డిది నాకు కటువుగ దోచినది. మిత్రుని యింట దినములు గడపుచుండగా మాత్రము, స్మృతికర్త తెలిసియే యొక చోటును ఖాళీగ విడిచిపెట్టెనేమో యనిపించినది. తీర్థమునకు ఫల మున్నది, దానమునకు ఫల మున్నది, ఉపవాసమునకును జాగరమునకును ఉన్నది. లేచినది మొదలు పరుండు వఱకు మనము చేయు ప్రతి పనికి నెదుట నొక యంకె వేయు శాస్త్రము, స్నేహితుని యింటి భోజనము నెదుట ఏ యంకెయు వేయలేదు. పెట్టినవానికి పుణ్యము లేదు, తిన్నవానికి ఋణము లేదు. మోక్షమును గూర్చి పెద్దలు చెప్పినదియు నిట్టిదే గదా: పుణ్యపాపములు రెండును తెగిన చోటని.

కుచేలుని కథలో నాకు మిక్కిలి యిష్టమైన ఘట్టము అటుకులు కాదు, రాత్రి వచ్చిన సంపదయు కాదు. భార్య ప్రేరేపింపగా నేదైన నడుగవలెనని బయలుదేఱిన ఆ బ్రాహ్మణునితో శ్రీకృష్ణుడు చిన్ననాటి ముచ్చట లెత్తినాడు. సాందీపని యింట చదువుకొను నాడు కట్టెలకై యడవికి పోయి, గాలివానలో చిక్కి, చీకటిలో దారితప్పి, చేయి చేయి పట్టుకొని తిరిగినాము, జ్ఞప్తి యున్నదా యని. జగత్పతి కంతకంటె ముఖ్యమైన సంభాషణావిషయము దొరకలేదు! కుచేలుడో, అడుగవలసినది మఱచి, తిన్నగ ఇంటిదారి పట్టినాడు. అది మతిమఱపని యెవ్వరు ననరు. అడుగుటకు వచ్చినవాడు అడుగక పోవుటయే భాగవతమున భక్తికి పరాకాష్ఠయైనది, పాతముచ్చటలు దానికి సాధనమైనవి. మా హైస్కూలు మాస్టర్లను గూర్చి మేము చేసిన విచారణను ఇంత యెత్తునకు లేపుట సాహసమే. కాని మా లెక్కల మాస్టారు బెత్తమునకు పెట్టిన పేరు నలుబది యేండ్ల పిమ్మట ఇద్దఱమును ఒక్కసారిగ పలికినపుడు, నాకు మల్లికార్జునునొద్ద కోరదలచిన కోరికలలో నొక్కటియు జ్ఞప్తికి రాలేదన్నమాట మాత్రము నిజము.

మండపేటకు మాండవ్యపురమని పూర్వనామమనియు, మాండవ్యమహర్షి ఇచ్చట తపస్సు చేసెననియు ఊరివారు చెప్పుకొందురు. తుదిదినమున మాటలలో ఆ ఋషి వచ్చినాడు. ఆదిపర్వములోని యాతని కథ యెఱుగనివా రుండరు: ఆశ్రమమున మౌనియై చేతులెత్తి తపస్సు చేయుచుండగా దొంగలు సొమ్ముతో వచ్చి దాగిరి, రాజభటులడిగినను మునీశ్వరుడు పలుకలేదు, దొంగలతో పాటు నాతనిని గూడ కొఱత వేసిరి. చావక, తపస్సు మానక, తరువాత యమధర్మరాజు నొద్దకు పోయి, ఇది యే పాపమున కని నిలదీసెను. చిన్ననాడు పురుగులను పుల్లతో గ్రుచ్చితివి, ఈ కొఱత దానికి సరిపోయినదని ధర్ముడు లెక్క చూపెను. లెక్క తప్పు కాదు. మాండవ్యుడు లెక్కనే నిరాకరించెను. పదునాలుగేండ్లు నిండువఱకు బాలుడు చేసినది పాపము కాదని క్రొత్త మర్యాద నిలిపి, లెక్క వ్రాసినవానిని భూలోకమున శూద్రయోనిని పుట్టుమని శపించెను. ఆ ధర్ముడే విదురుడు.

తరువాతి కథను మిత్రుడు చెప్పెను. రాయబారమునకు వచ్చిన కృష్ణుడు దుర్యోధనుడు సిద్ధము చేయించిన రాజభోజనమును కాదని విదురుని యింటికి పోయినాడు. పరుల యన్నము తినుటకు ప్రీతియైన నుండవలె, ఆపదయైన నుండవలె, నీయందు ప్రీతి లేదు, నాకా యాపద లేదని సభలోనే చెప్పి మఱి పోయినాడు. సకలప్రాణుల పుణ్యపాపముల పద్దు వ్రాసినవాడు, ఆ పద్దు పోగొట్టుకొని, ఒక సామాన్యగృహస్థుడై, చెలికానికి విస్తరి వేయుచున్నాడు. "శాపమా అది?" యని మిత్రుడు నన్నడిగెను. మిల్లులో దినమంతయు బస్తాల లెక్క వ్రాసి వచ్చినవాడు గనుక ఆ ప్రశ్న అతని నోట మఱింత శోభించినది.

నాకు మాత్రము వేఱొక సంశయము తోచినది. విదురుని యింట ఆ దినమున వంట చేసిన దెవరు? అరటిపండ్ల తొక్కల కథలో భార్య వచ్చును గాని, ఆ కథయు ఆమె తొట్రుపాటును చెప్పి నవ్వించునే తప్ప ఆమె పనిని చెప్పదు. పుణ్యపుటంకె లేని చోటని నేను మురిసిన యీ మండపేట సెలవులో పెసరపప్పు నానబోసినవారు, రుబ్బినవారు, పనసపొట్టు కొట్టి తెచ్చినవారు, చేలలో నడుము వంచి కలుపు తీయుచుండగా గట్టుమీదినుండి మేము చూచి యానందించిన స్త్రీలు, వీరి శ్రమ యే పద్దులో పడునది? బోయీలను గూర్చి యడిగిన ప్రశ్నయే తిరిగి నా మీదికి వచ్చినది. యాత్రలో నా శ్రమ నేనే పడుదును. ఇచ్చట నా విశ్రాంతిని మఱొకరు మోయుచున్నారు. స్నేహము ఇద్దఱ మధ్య లెక్కను తుడిచివేయునేమో గాని, వంటింటి వఱకు ఆ తుడుపు పోవునని నేను ప్రమాణము చేయలేను.

బయలుదేఱు నాటి ప్రొద్దుట ఈ మాట దాచుకొనలేక మిత్రుని భార్యతోనే యంటిని: "నా సెలవు మీకు పనైంది కదమ్మా" అని. ఆమె మొగమాటమునకైనను కాదనలేదు.

"పనే అండీ అన్నయ్యగారూ, అబద్ధమెందుకు? కాకపోతే ఈయన ఇంట్లో ఇంతలా నవ్వగా విని చాలా కాలమైంది. పిండి రుబ్బుతూ అదే వింటూ కూచున్నాను. ఈసారి వదినగారిని కూడా తీసుకురండి. మేమిద్దరం అరుగుమీద కూచుని కబుర్లు చెప్పుకుంటాం, పెసరట్లు మీరు పోద్దురు గాని."

మిత్రుడు వెంటనే ద్రాక్షారామము ప్రస్తావన తెచ్చెను.